చెల్లెలి ఎం.ఆర్.ఐ రిపోర్టులో 'డీనెట్' అని రాశారు, క్యాన్సరా అని అడిగిన తమ్ముడికి

ముందు ఒక్క ముక్క చెప్పేస్తా తమ్ముడూ, మిగతాది నింపాదిగా చదువుకోవచ్చు. డీనెట్ అయితే అది క్యాన్సర్ కాదు. ట్యూమర్ అనే మాట చూసి అమ్మగారు రెండ్రోజులుగా అన్నం ముట్టలేదని రాశారు కదా, వెళ్ళి ఆవిడకి ఇది చెప్పి రండి, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.

మిగతావాళ్ళకి కూడా విషయం తెలియాలి కాబట్టి మీరు రాసిందే క్లుప్తంగా మళ్ళీ చెప్తున్నా. చెల్లికి 17, ఇంటర్ సెకండియర్ బైపీసీ. పదకొండో ఏట మొదలైంది, ఉన్నట్టుండి మాట ఆగిపోతుంది, ఒకటి ఒకటిన్నర నిమిషం ఎటో చూస్తూ ఉండిపోతుంది, పెదాలు చప్పరిస్తుంది, చున్నీ కొస పట్టుకుని నలుపుతూ ఉంటుంది, తేరుకున్నాక ఏం జరిగిందో గుర్తుండదు. మొదట్లో పరధ్యానం అన్నారు, తర్వాత తాయెత్తు కట్టించారు, ఒకసారి క్లాసులో పెద్ద ఫిట్స్ వచ్చి పడిపోయాక గానీ న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళలేదు. లెవెటిరాసిటమ్ వాడారు, తర్వాత దానికి ఆక్స్‌కార్బజెపిన్ కలిపారు, డోసు పెంచారు, అయినా నెలకి మూడు నాలుగు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు 3 టెస్లా ఎం.ఆర్.ఐ తీస్తే కుడి టెంపొరల్ లోబ్‌లో 24 బై 18 మిల్లీమీటర్ల గడ్డ, డీనెట్ కావచ్చు అని రిపోర్టు. డాక్టరు ఆపరేషన్ గురించి ఆలోచించమన్నారు, చుట్టాలు పెళ్ళి కావాల్సిన పిల్లకి తల కోయించడం ఏంటంటున్నారు. మీ ప్రశ్నలు నాలుగు: ఇది క్యాన్సరా, బయాప్సీ లేకుండా స్కాన్ చూసి ఎలా చెప్తారు, ఆపరేషన్ తప్పదా, పెళ్ళి సంగతేంటి.

నేను రేడియాలజిస్టుని, ఇరవై రెండేళ్ళుగా తల స్కాన్లు చదవడమే పని. మీ చెల్లి సీడీ నేను చూడలేదు, మీరు టైపు చేసిన రిపోర్టు మీదే మాట్లాడుతున్నా, కాబట్టి చివరి మాట ఆమెని చూసే డాక్టర్లదే.

డీనెట్ పూర్తి పేరు డిసెంబ్రియోప్లాస్టిక్ న్యూరోఎపితీలియల్ ట్యూమర్, నాకే నోరు తిరగదు, అందుకే అందరం డీనెట్ అంటాం. 1988లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రి పాథాలజిస్టు, కేథరిన్ డోమా డ్యూపోర్ అనే ఆవిడ, తన తోటివాళ్ళతో కలిసి 39 మంది కేసులు ముందేసుకుని దీనికి ఆ పేరు పెట్టింది. అంతకుముందు ఈ గడ్డ లేదని కాదు, ఉండేది, మైక్రోస్కోపు కింద చూస్తే ఆలిగోడెండ్రోగ్లయోమా అనే ఇంకో గడ్డలా కనపడేది కాబట్టి ఆ పేరుతో చెలామణీ అయ్యేది, పాపం ఆ పేరు మీద పిల్లలకి రేడియేషన్ ఇచ్చేసేవాళ్ళు కూడా. ఆవిడ చెప్పింది ఏంటంటే వీళ్ళంతా చిన్నవాళ్ళు, అందరికీ ఏళ్ళ తరబడి మందులకి లొంగని ఫిట్స్ ఉన్నాయి, ఆపరేషన్‌లో గడ్డ మొత్తం రానివాళ్ళకి కూడా మళ్ళీ పెరగలేదు, కాబట్టి వీళ్ళకి రేడియేషన్, కీమో అక్కర్లేదు అని. డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ లెక్కలో ఇది గ్రేడ్ 1, అంటే నాలుగు మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు. చెడ్డగా మారినవి అసలు లేవా అంటే ప్రపంచం మొత్తమ్మీద అరుదుగా ఒకటీ అరా రిపోర్టయ్యాయి, అందుకే గ్రేడ్ 1 అయినా ఫాలో అప్ స్కాన్లు చెప్తారు, అంతకుమించి భయపడే లెక్క కాదు.

ఇక బయాప్సీ లేకుండా ఎలా చెప్తారు అన్నారు చూడండి, ఇది నాకిష్టమైన ప్రశ్న, కొంచెం సాగదీస్తా, ఓపిక పట్టండి.

మీ రిపోర్టులో మొదటి మాట 'కార్టికల్ బేస్డ్'. మెదడు పైపొర బూడిద రంగులో ఉంటుంది, దాన్ని కార్టెక్స్ అంటాం, కరెంటంతా పుట్టేది అక్కడే. ఈ గడ్డ ఆ పొరలోనే పుడుతుంది, ఎక్కువమందిలో టెంపొరల్ లోబ్‌లో అంటే కణత, చెవి పక్కన లోపలి భాగంలో. ఫిట్స్ పుట్టేచోట కూర్చుంది కాబట్టే పరిమాణం చిన్నదైనా ఫిట్స్ తెస్తుంది, కార్టెక్స్ కింద లోతుగా ఉండే తెల్లపదార్థంలో ఉన్న గడ్డ అయితే ఇంతకి రెండింతలు పెరిగినా ఒక్క ఫిట్ రాకపోవచ్చు.

రెండోది 'బబ్లీ'. ఎం.ఆర్.ఐ బొమ్మలు తీసే ఒక్కో పద్ధతిని సీక్వెన్స్ అంటాం, టీ2 అనే సీక్వెన్స్‌లో నీళ్ళు తెల్లగా కనపడతాయి. ఈ గడ్డ లోపల జిగురులాంటి పదార్థం చిన్న చిన్న గదుల్లో నిండి ఉంటుంది, అందుకని టీ2 లో చూస్తే తెల్లగా, మెరుస్తూ, లోపల సన్న గీతలతో బుడగలు బుడగలుగా కనపడుతుంది. మా పుస్తకాల్లో సబ్బు బుడగలు అని రాస్తారు, నేనైతే మా దగ్గర చదువుకునే పిల్లలకి ఉడికిన సగ్గుబియ్యం గరిటెతో తీసి ముద్దగా పెట్టినట్టు ఉంటుంది అని చెప్తా, ఒక్కసారి చెప్తే మళ్ళీ మర్చిపోరు. ఒక్కో గింజ విడిగా తెలుస్తుంది కానీ అన్నీ ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. టీ1 లో అదే గడ్డ నల్లగా ఉంటుంది.

మూడోది 'ఫ్లెయిర్ లో బ్రైట్ రిమ్', దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. ఫ్లెయిర్ అంటే స్వేచ్ఛగా ఉన్న నీటి తెలుపుని అణిచేసే సీక్వెన్స్. మామూలు నీళ్ళ తిత్తి అయితే ఫ్లెయిర్‌లో పూర్తిగా నల్లబడిపోతుంది, లోపల నీళ్ళే కదా. డీనెట్ లోపలుండేది నీళ్ళు కాదు జిగురు, కాబట్టి సగం సగం అణిగి బూడిద రంగులో ఆగుతుంది, చుట్టూ మాత్రం సన్నగా తెల్లటి గీత మిగులుతుంది, బూడిదరంగు చీరకి తెల్ల అంచు వేసినట్టు. అందరిలో ఉండదు, కానీ ఉన్నప్పుడు మాత్రం చదివేవాడికి ధైర్యం వస్తుంది. మీ చెల్లిలో ఉంది.

తర్వాత మూడు 'నో' లు. నో ఎడీమా, నో మాస్ ఎఫెక్ట్, నో ఎన్‌హాన్స్‌మెంట్. రిపోర్టులో 'నో' అని ఉన్నవాటిని జనం దాటేసి పోతారు, నేను మాత్రం వాటినే ముందు చూస్తా. చెడ్డ గడ్డ వేగంగా పెరుగుతుంది కాబట్టి చుట్టూ ఉన్న మెదడు వాస్తుంది, అది ఎడీమా. చోటు చాలక పక్కనున్న భాగాల్ని నెడుతుంది, అది మాస్ ఎఫెక్ట్. తిండి కోసం కొత్త రక్తనాళాలు వేసుకుంటుంది, ఆ నాళాలు లీకవుతాయి కాబట్టి గ్యాడోలినియం ఇంజక్షన్ ఇచ్చి తీస్తే తెల్లగా వెలుగుతుంది, అది ఎన్‌హాన్స్‌మెంట్. రెండున్నర సెంటీమీటర్ల దగ్గర్లో ఉండి కూడా పక్కవాడిని మోచేత్తో పొడవకుండా కూర్చుందంటే అది నిన్న వచ్చింది కాదు, మెదడుతో పాటే పెరిగి సర్దుకున్నది. ఇంకో మాట, డీనెట్లలో కొన్ని వెలుగుతాయి, ఐదింట్లో ఒకటి నుంచి మూడింట్లో ఒకటి దాకా అనుకోండి, సాధారణంగా చుక్కలాగానో ఉంగరంలానో, వెలిగినంత మాత్రాన చెడ్డదైపోదు. అది చదివేవాళ్ళలో ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని చెప్పా, మీకు ఆ గొడవే లేదు.

డిఫ్యూజన్ అని ఇంకో సీక్వెన్స్ ఉంటుంది, కణాలు కిక్కిరిసి ఉంటే నీటి అణువులు కదల్లేవు, పండక్కి ఊరెళ్ళే బస్సులో కండక్టర్ లాగా. క్యాన్సర్ గడ్డలు చాలావాటిలో అదే పరిస్థితి. డీనెట్‌లో జిగురు ఎక్కువ కణాలు తక్కువ, నీళ్ళు హాయిగా తిరుగుతాయి, నీళ్ళు ఎంత తేలిగ్గా తిరుగుతున్నాయో చెప్పే ఏడీసీ విలువ ఎక్కువ వస్తుంది. పర్ఫ్యూజన్ తీస్తే రక్త ప్రసరణ తక్కువే కనపడుతుంది. గడ్డలోని రసాయనాల్ని చూసే స్పెక్ట్రోస్కోపీ కూడా తీయించమంటారా అన్నారు, ఇప్పటికే ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు అది చేసి తేల్చేది పెద్దగా ఉండదని నా అభిప్రాయం, ఇంకో రేడియాలజిస్ట్ ఒప్పుకోకపోవచ్చు.

ఒక సంకేతం మీ రిపోర్టులో రాయలేదు, ఎం.ఆర్.ఐ లో అంత బాగా తెలియదు కూడా, సీటీలో తెలుస్తుంది. గడ్డ పుర్రెకి ఆనుకుని ఉన్నప్పుడు, ఆ ఎముక లోపలివైపు కొద్దిగా గుంట పడుతుంది, స్కాలపింగ్ అంటాం. పాత బావి ఒర మీద చేద తాడు రాసుకుని రాసుకుని గాడి పడుతుంది చూశారా, తాడు మెత్తనిదే, రాయి గట్టిదే, ఏళ్ళు గడిచాయి అంతే. ఆ గుంట కనపడిందంటే గడ్డ వయసు నెలల్లో లేదు, ఏళ్ళల్లో ఉంది అని ఎముక మీదే రాసిపెట్టినట్టు. దీని సంగతి మళ్ళీ చివర్లో వస్తా.

దీన్ని పోలినవి ఏముంటాయి అంటే, మీ రిపోర్టులో డీడీ అని, అంటే ఇది కూడా కావచ్చు అని రాసిన గాంగ్లియోగ్లయోమా మొదటిది. అది కూడా టెంపొరల్ లోబ్‌నే ఇష్టపడుతుంది, అదీ పిల్లలకే, అదీ ఫిట్స్‌తోనే. తేడా ఏంటంటే అది ఎక్కువగా ఒక నీటి తిత్తి, దాని గోడకి వెలిగే బుడిపె, మధ్యలో సున్నం మరకలు, ఇలా ఉంటుంది. రెండిట్లో ఏదైనా దారి దాదాపు ఒకటే కాబట్టి ఈ రెంటి మధ్య నిద్ర పాడుచేసుకోకండి. ఇంకోటి ఎంవీఎన్‌టీ, ఇది ఈ మధ్యనే పేరు పెట్టుకున్నది, అది కూడా బుడగలే కానీ కార్టెక్స్ లోపల కాదు, సరిగ్గా దాని కింద తెల్లపదార్థంలో ద్రాక్షగుత్తిలా ఉంటుంది, ఫ్లెయిర్‌లో అణగదు, ఎక్కువ సార్లు దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తాం. రక్తనాళాల చుట్టూ ఉండే మామూలు నీటి సందులు కూడా బుడగల్లా ఉంటాయి, అవి ఫ్లెయిర్‌లో నల్లగా అయిపోతాయి, అక్కడే దొరికిపోతాయి. ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేజియా గడ్డే కాదు, పుట్టుకతో పొర సరిగ్గా అల్లుకోకపోవడం, దాని తోక ఒకటి లోపలి నీటి గదివైపు సాగినట్టు కనపడుతుంది, చిక్కేంటంటే డీనెట్ పక్కనే అదికూడా కాపురం ఉండొచ్చు. అసలు భయపడాల్సింది పెద్దవాళ్ళలో వచ్చే డిఫ్యూజ్ గ్లయోమా, అంటే మెదడులోకి పాకుతూ పోయే గడ్డ, దాని అంచులు చెదిరినట్టు ఉంటాయి, ఆరునెలలకో ఏడాదికో చూస్తే కొలత పెరుగుతుంది.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది, న్యూరోసిస్టిసెర్కోసిస్, అదేనండి టేప్‌వార్మ్ గుడ్లు కడుపులోకెళ్ళి పిల్లపురుగు మెదడులో తిష్ట వేయడం. మన దగ్గర పిల్లలకి ఫిట్స్ వచ్చి సీటీలో మచ్చ ఉందంటే ముందు అందరి మనసులో మెదిలేది అదే, చాలాసార్లు కరెక్టే. కానీ అది ఉంగరంలా వెలుగుతుంది, మధ్యలో పురుగు తల చుక్కలా ఉంటుంది, చుట్టూ వాపు ఉంటుంది, కొన్నాళ్ళకి మానిపోయి సున్నం చుక్క మిగులుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు, తొమ్మిదేళ్ళప్పుడు ఎక్కడో తీసిన సీటీలో నల్లమచ్చ చూసి పురుగు అన్నారు, రెండుసార్లు ఆల్బెండజోల్ కోర్సు వేశారు, వాళ్ళమ్మ పాపం ఇంట్లో క్యాబేజీ వండటం మానేసింది. మచ్చ చెక్కుచెదరలేదు, ఫిట్స్ తగ్గలేదు, మళ్ళీ స్కాన్ తీయాలని నాలుగేళ్ళు ఎవరికీ తోచలేదు. ఎం.ఆర్.ఐ తీస్తే సగ్గుబియ్యం ముద్ద.

వేరేవాళ్ళని అనడం తేలిక, నాదీ చెప్తా. కెరీర్ మొదట్లో నేను పనిచేసినచోట తక్కువ పవర్ మెషిన్ ఉండేది, ఐదు మిల్లీమీటర్ల మందానికి ఒక్కో బొమ్మ తీసేవాళ్ళం. పదిహేనేళ్ళ అమ్మాయి స్కాన్ చూసి నేను 'లో గ్రేడ్ గ్లయోమా' అని రాసేశా. తప్పని కూడా కాదు, అంత విడమరిచి చెప్పే బొమ్మ అందులో లేదు, కానీ ఫిట్స్ ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయి అని ఆ పిల్ల తండ్రిని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే ఏడేళ్ళు అని చెప్పేవాడు. ఆయన గ్లయోమా అనే మాట పట్టుకుని ఎవర్నో అడిగితే రెండేళ్ళకంటే బతకదు అన్నారట, ఎకరంన్నర అమ్ముకుని ఊళ్ళు తిరిగాడు. ఆపరేషన్ అయ్యాక బయాప్సీలో డీనెట్ వచ్చింది, ఆయన స్వీట్ల డబ్బా పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు, నేను తినలేకపోయా. అప్పట్నుంచి ఫిట్స్ మొదలైన తేదీ తెలియకుండా నేను తల రిపోర్టు సంతకం పెట్టను, మా టెక్నీషియన్లకి ఇది విసుగు.

ఇప్పుడు ఫిట్స్ సంగతి. ఆమెకి ఫిట్ వచ్చే ముందు కడుపులోంచి ఏదో గొంతుదాకా తన్నుకొచ్చినట్టు ఉంటుందని, ఇదంతా ఇంతకుముందే జరిగిందే అనిపిస్తుందని రాశారు కదా. అది టెంపొరల్ లోబ్ సంతకం. దాన్ని ఆరా అంటాం, ఆరా కూడా చిన్న ఫిట్టే. పెదాలు చప్పరించడం, చున్నీ నలపడం, అన్నీ అక్కడికే చూపిస్తున్నాయి. గడ్డ కుడి టెంపొరల్‌లోనే ఉంది, ఫిట్స్ కూడా టెంపొరల్ రకమే, బొమ్మ చెప్పేదీ మనిషి చెప్పేదీ ఒకటే అయింది. ఇక మిగిలింది ఈఈజీ, అంటే మెదడు కరెంటు తరంగాల్ని గీసే పరీక్ష. మామూలు అరగంట ఈఈజీ కాదు, వీడియో ఈఈజీ, ఆస్పత్రిలో రెండు మూడు రోజులు పెట్టి, మందులు వాళ్ళే తగ్గించి, ఫిట్ వచ్చేటప్పుడు కెమెరాలోనూ తరంగాల్లోనూ పట్టుకుంటారు. ఈ మూడూ ఒక్క చోటుకే వేలు చూపిస్తే ఆపరేషన్ ఫలితం బాగుంటుంది. మీరు ఇంట్లో ఫోన్లో తీసిన వీడియో ఉందన్నారు, దాన్ని డిలీట్ చేయకండి, బంగారం అది.

ఆపరేషన్ తప్పదా అన్నది. ప్రపంచ మూర్ఛ డాక్టర్ల సంఘం 2010లో ఒక నిర్వచనం పెట్టింది, సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే మందులకి లొంగనివి అని లెక్క. మీ చెల్లి ఆ గీత దాటేసింది. మూడో మందు, నాలుగో మందు మారుస్తూ పోతే తగ్గవా అంటే కొద్దిమందిలో తగ్గుతాయి, కానీ గడ్డ ఉన్నచోట ఆ అవకాశం మీద ఏళ్ళు పోగొట్టుకోవడం నాకు నచ్చదు. ఇలాంటి గడ్డలకి ఆపరేషన్ అయినవాళ్ళలో పదిమందికి ఏడెనిమిది మంది ఫిట్స్ నుంచి బయటపడుతున్నారు, ఫిట్స్ మొదలై తక్కువ ఏళ్ళయినవాళ్ళకి, గడ్డ పూర్తిగా వచ్చేసినవాళ్ళకి ఇంకా బాగుంటుంది. యూరప్‌లో మూర్ఛకి ఆపరేషన్ చేసిన 9523 మంది మెదడు ముక్కల్ని పోగుచేసి చూసిన పెద్ద లెక్క ఒకటి 2017లో వచ్చింది, అందులో నాలుగో వంతు దాకా గడ్డలే, వాటిలోనూ మొదటిది గాంగ్లియోగ్లయోమా, రెండోది ఈ డీనెట్. కాబట్టి మీ చెల్లిది వింత జబ్బేం కాదు, మూర్ఛ సర్జన్లకి పాత పరిచయమే.

కానీ ఒక మెలిక, గడ్డ తీసే సర్జన్ వేరు, మూర్ఛకి సర్జరీ చేసే టీము వేరు. ఉత్త గడ్డని తోడేసి వచ్చేస్తే స్కాన్ శుభ్రంగా ఉంటుంది, ఫిట్స్ మాత్రం ఉండిపోవచ్చు, ఎందుకంటే ఇందాక చెప్పిన డిస్‌ప్లేజియా అంచుల్లో ఉండి ఉండొచ్చు, ఒక్కోసారి పక్కనున్న, జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్ కూడా ఫిట్స్‌లో పాలుపంచుకుంటుంది. ఎంత తీయాలి ఎక్కడ ఆగాలి అని ముందే కూర్చుని తేల్చుకునే చోటికి వెళ్ళండి. మనకి హైదరాబాదులో నిమ్స్ ఉంది, మీరుండే బెంగళూరులోనే నిమ్‌హాన్స్ ఉంది, తిరువనంతపురంలో శ్రీచిత్ర ఉంది, మూర్ఛ సర్జరీకి దేశంలో పేరున్నచోట్లు. ఖర్చు గురించి అడిగారు, మెదడు గడ్డల ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి, ఏ ఆస్పత్రిలో వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రని అడిగి మరీ అడ్మిట్ అవ్వండి.

రిస్కు లేదని అబద్ధం చెప్పను. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ఏ తల ఆపరేషన్‌కైనా ఉన్నవే. టెంపొరల్ లోబ్‌లో ప్రత్యేకంగా చూపు తీగ ఒకటి వంపు తిరిగి పోతుంది, అది కొంచెం తెగితే ఎడమవైపు పై మూలన చూపు కాస్త తగ్గొచ్చు, చాలామందికి రోజువారీ పనుల్లో తెలియదు కూడా. కుడిచేతివాటం అన్నారు, అలాంటివాళ్ళలో మాట ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది, కాబట్టి గడ్డ కుడివైపు ఉండటం ఈ విషయంలో కలిసొచ్చింది, అయినా జ్ఞాపకశక్తి పరీక్షలూ, అవసరమైతే మెదడులో ఏ పని ఎక్కడ జరుగుతోందో చూపే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ చేసి చూసుకునే దిగుతారు. అవతలి పళ్ళెంలో ఏముందో కూడా చూడాలి కదా, నెలకి నాలుగు ఫిట్స్ అంటే ఏడాదికి నలభై ఎనిమిది, చదువుకునే పిల్లకి, ఒక్కోటి ఆ రోజు పాఠాన్ని తుడిచేసి పోతుంది. పెద్ద ఫిట్స్ అదుపులో లేనివాళ్ళకి నిద్రలో అకస్మాత్తుగా ప్రాణాపాయం అనేది తక్కువే అయినా ఉంది. చుట్టాలు ఆపరేషన్ రిస్కు లెక్కపెడతారు, ఆపరేషన్ చేయించకపోతే ఉండే రిస్కు లెక్కపెట్టరు.

పరీక్షలయ్యాక చేయిస్తాం అంటారా, మార్చి దాకా ఆగినా గడ్డ వల్ల మునిగిపోయేదేం లేదు, ఆగమని డాక్టరే అంటే హాయిగా ఆగండి. ఈలోపు వీడియో ఈఈజీ అపాయింట్‌మెంట్ పెట్టించుకోండి, వాటికి క్యూలు పొడుగ్గా ఉంటాయి. మాత్రలు మాత్రం ఎవరెన్ని చెప్పినా ఒక్క పూట కూడా మీ అంతట మీరు ఆపొద్దు, ఆయుర్వేదం మొదలుపెట్టాం కదా అని ఇవి ఆపేసి ఐసీయూలో తేలినవాళ్ళని చూశా. ఇంకోటి, ఈ మధ్య చెల్లికి చిరాకు, కోపం పెరిగాయి, పొగరెక్కింది అని నాన్నగారు తిడుతున్నారని రాశారు. లెవెటిరాసిటమ్ కొందర్ని అలా చేస్తుంది. ఆ మాట న్యూరాలజిస్ట్‌కి చెప్పండి, మార్చడానికి వేరేవి ఉన్నాయి. ఆడపిల్లలకి వాల్ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వీలైనంతవరకూ వద్దంటారు, తర్వాత గర్భం వస్తే బిడ్డకి మంచిది కాదు, కాబట్టి ఎవరైనా అది రాస్తే ఎందుకని అడగడానికి మొహమాటపడకండి.

ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా కుక్కడం, ఇవన్నీ ఆపించండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, చుట్టుపక్కల గట్టివి తీసేసి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రి. మిడజోలం ముక్కులో కొట్టే స్ప్రే దొరుకుతుంది, డాక్టర్ని అడిగి రాయించుకుని ఇంట్లో ఒకటి, కాలేజీ బ్యాగులో ఒకటి ఉంచండి. స్నానానికి వెళ్తే లోపల గడియ పెట్టుకోకుండా ఉంటే చాలు, అంతకుమించి పిల్లని గదిలో కట్టేసినట్టు చూడక్కర్లేదు.

పెళ్ళి. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదనే వీలుండేది, 1999లో ఆ మాట చట్టంలోంచి తీసేశారు. చట్టం తీసేసి పాతికేళ్ళయింది, చుట్టాలు ఇంకా తీయలేదు. ఆపరేషన్ అయి, ఫిట్స్ ఆగి, కొన్నేళ్ళకి డాక్టర్ చెప్పినట్టు మాత్రలు తగ్గించుకున్న అమ్మాయిలు నాకు తెలుసు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు స్కూళ్ళకి వెళ్తున్నారు. దాచి పెళ్ళి చేయాలని మాత్రం చూడకండి, దాచినవాళ్ళ ఇళ్ళల్లో జరిగేది మొదట మాత్రలు దాచుకోవడం, ఆ తర్వాత మానేయడం.

ఇక చివర్లో వస్తా అన్నది. మీ పోస్టులో ఎక్కడో కింద, ఏదో గుర్తొచ్చినట్టు, '2019లో మొదటిసారి ఒక సీటీ తీశారు, అందులో చిన్న మచ్చ ఉంది ఏం కాదు అన్నారు' అని ఒక్క లైను రాశారు. మీరు పంపిన మొత్తంలో నన్ను లేచి కూర్చోబెట్టింది ఆ లైను. ఎం.ఆర్.ఐ ఎంత ఖరీదైనదైనా ఒక్క రోజు బొమ్మ. ఆ సీటీ ఆరేళ్ళ నాటిది. ఆ మచ్చ ఇదే చోట, ఇంచుమించు ఇదే కొలతలో అప్పుడే ఉంటే, పక్కన ఎముకలో నేను చెప్పిన గుంట కూడా ఉంటే, ఏ బయాప్సీ చెప్పనంత ధైర్యం అది చెప్తుంది. ఒకవేళ అప్పటికీ ఇప్పటికీ బాగా పెరిగి ఉంటే అదీ తెలియాలి, అప్పుడు మార్చి దాకా ఆగమని నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటా. కొత్త ఎం.ఆర్.ఐ చదివినవాళ్ళకి ఆ సీటీ చూపించలేదని రిపోర్టు చూస్తేనే తెలుస్తోంది, పోల్చిన మాటే లేదందులో.

అమ్మగార్ని అడగండి, పాత ఫిల్ములు ఏ ఇంట్లోనైనా బీరువా పైనో పరుపు కిందో ఉంటాయి, వాళ్ళు పారేయరు. పరుపు కింద ఉంటే మడత పడకుండా తీయండి. దొరికితే కిటికీ వెలుతురుకి పెట్టి ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి, పేరు, వయసు, ఐడీ నంబరు ఉన్న మూల మీద వేలు అడ్డం పెట్టి. ఒరిజినల్ మాత్రం కొత్త సీడీతో పాటు న్యూరాలజిస్ట్ చేతికే ఇవ్వండి. ఆదివారం నాకు డ్యూటీ లేదు, చూసి చెప్తా.